పడమర ముఖం ఇల్లు: డబుల్ గ్లేజింగ్ కిటికీలకు డబ్బు పెట్టాలా?

పోరంకివాసి | శనివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. విజయవాడ శివార్లలో, పోరంకి దగ్గర 200 గజాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. పడమర ముఖం. కింద అమ్మానాన్న, పైన మేము. పునాది అయిపోయింది, ప్లింత్ బీము పడింది, వచ్చే వారం గోడలు లేవాలి.

హాలుకూ ముందు పడకగదికీ రోడ్డు వైపే కిటికీలు, ఒక్కొక్కటి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. కిటికీల షాపాయన యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములో డబుల్ గ్లేజింగ్, అంటే మధ్యలో ఎడం ఉన్న జంట అద్దం, పెట్టుకోమంటున్నాడు. ఒంటి అద్దంతో పోలిస్తే ధర దాదాపు రెట్టింపు, కానీ ఏసీ బిల్లు సగానికి పడిపోతుందని హామీ ఇస్తున్నాడు. నాన్న దృష్టిలో టేకుతో చేయనిది కిటికీయే కాదు. గోడలకు ఎర్ర ఇటుక అని మేస్త్రీ, ఫ్లైయాష్ (బూడిద ఇటుక) అని ఇంజినీరు, ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక) బ్లాకులని మా బావమరిది. ఎవరి పట్టు వాళ్లది.

పర్యావరణానికి చెరుపు తక్కువగా ఉండాలన్నది మా ఆవిడ షరతు, కరెంటు బిల్లు తక్కువగా రావాలన్నది నాది. రెండూ ఒకే దారిలో ఉన్నాయో లేదో తెలిసినవాళ్లు చెప్పండి.

వడ్రంగింటివాడు | శనివారం, ఉదయం 8:02

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. కర్ర అల్యూమినియంలాగా వేడిని మోసుకొచ్చి గదిలో పోయదు. చెడిన చోట చిత్రిక పట్టి మళ్లీ బిగించుకోవచ్చు. ప్లాస్టిక్ రెక్క విరిగితే ఆ కంపెనీ ఫ్రేము పట్టీ (ప్రొఫైలు) ఇంకా మార్కెట్లో ఉందో లేదో వెతుక్కోవాలి.

అయితే ఒక మాట. ఇప్పుడు టేకు పేరుతో అమ్మేదాంట్లో చాలా భాగం లేత చెట్లది. చేవ తక్కువ. శ్రావణం వచ్చేసరికి ఉబ్బి రెక్క పట్టేస్తుంది, వేసవిలో ఎండి సందు ఇస్తుంది. పాత ఇళ్లు పడగొట్టిన కర్ర అమ్మే అడితులు విజయవాడలోనే ఉన్నాయి. ఆ కర్ర ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, ఇక వంకర పోదు. మేకులు పీకించి, చెద తగిలిన ముక్కలు ఏరేసి తీసుకోండి. కొత్తగా చెట్టు కొట్టే పని ఉండదు కాబట్టి మీ ఆవిడగారి షరతూ నెరవేరుతుంది.

ఎండలెక్క | శనివారం, ఉదయం 9:25

ఫ్రేము గొడవ తరువాత చూద్దాం. ముందు మీ పడమటి కిటికీ లెక్క.

20 చదరపు అడుగులంటే 1.86 చదరపు మీటర్లు. మే నెల సాయంత్రం నాలుగింటి వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 నుంచి 700 వాట్ల ఎండ పడుతుంది. మామూలు తెల్ల అద్దం అందులో సుమారు 80 శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. అంటే ఒక్క కిటికీ నుంచి దాదాపు 960 వాట్లు, గదిలో ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెలుగుతున్నట్టు.

ఇక బయటి గాలి వేడి. బయట 43 డిగ్రీలు, లోపల ఏసీ 26లో ఉందనుకుందాం. అద్దం గుండా వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే కొలతను యూ విలువ అంటారు. ఒంటి అద్దానికి అది 5.7, సాదా జంట అద్దానికి 2.8. మీ కిటికీకి లెక్క కడితే ఒంటి అద్దం నుంచి 180 వాట్లు, జంట అద్దం నుంచి 90 వాట్లు వస్తాయి. జంట అద్దం ఎండను కూడా కొంచెం తగ్గిస్తుంది, 80 శాతం బదులు 70 వదులుతుంది. అన్నీ కలుపుకున్నా మొత్తం 1140 వాట్లలో తగ్గేది 200 పైచిలుకే. సగం ఎక్కడ?

అదే ఎండను అద్దానికి తగలకుండా బయటే ఆపగలిగితే ఆ 960లో ఎక్కువ భాగం అసలు రానే రాదు. నా సలహా ఒక్కటే: రెండో అద్దానికి డబ్బు తీసే ముందు కిటికీ బయట నీడకు తీయండి.

పోరంకివాసి | శనివారం, ఉదయం 10:40

ఎండలెక్కగారూ, రెండు అడుగుల సజ్జా ప్లానులో ఉంది. అది చాలదా? పోనీ లోపల మందపాటి తెరలు వేస్తే?

ఎండలెక్క | శనివారం, ఉదయం 11:15

తెర లోపల ఉంటుంది. అద్దం దాటి వచ్చిన ఎండ తెరను వేడెక్కిస్తుంది, ఆ వేడి గదిలోనే ఉంటుంది. కళ్లకు హాయి, ఏసీకి కాదు.

సజ్జా దక్షిణపు కిటికీకి బంగారం. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కాబట్టి మండు వేసవిలో దక్షిణపు గోడకు మధ్యాహ్నపు ఎండే తగలదు. మార్చి, సెప్టెంబరులలో కూడా సూర్యుడు అంత ఎత్తులో ఉన్నప్పుడు రెండు అడుగుల సజ్జా నీడ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. డిసెంబరులో సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు, అప్పుడు కొంత ఎండ లోపలికి వస్తుంది. ఆ ఎండ మనకు కావలసిందే.

పడమరలో అలా కుదరదు. మే నెలలో సాయంత్రం నాలుగున్నరకు సూర్యుడు 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీ రెండు అడుగుల సజ్జా కిటికీ పైభాగాన ఒక్క అడుగు మేర నీడ వేస్తుంది. మిగతా మూడు అడుగులూ ఎండలోనే. మొత్తం కప్పాలంటే సజ్జా దాదాపు ఎనిమిది అడుగులు ముందుకు రావాలి.

మండువాలోగిలి | శనివారం, మధ్యాహ్నం 12:30

ఎనిమిది అడుగుల సజ్జాకు మన పెద్దలు పెట్టిన పేరు వసారా! మాది కోనసీమ. అమ్మమ్మగారి మండువా ఇంట్లో వీధి వైపు గోడకు ఎప్పుడూ నేరుగా ఎండ తగలదు. ముందు వసారా, దాని చూరు మనిషి తల ఎత్తుకు దిగి ఉంటుంది. లోపల మండువా తెరిచి ఉండడంతో వేడి గాలి పైకి పోతుంది, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి గాలి ఆడుతుంది. అంత ఇల్లు 200 గజాల్లో కట్టలేమని నాకూ తెలుసు. కానీ దాన్నుంచి తెచ్చుకోగలిగినవి ఉన్నాయి. గోడ పైభాగాన వెంటిలేటర్లు పెట్టించండి. ఏసీ వచ్చాక అందరూ వాటిని మూయించేశారు. దాంతో ఏసీ వేయని ఆరు నెలల్లోనూ వేడి గాలి సీలింగు కిందే తిష్ఠ వేస్తోంది. గాజు రెక్కతో పెట్టుకుంటే కావలసినప్పుడు మూసుకోవచ్చు.

ముందు భాగంలో మట్టి జాలీ గోడ ఒకటి లేపితే ఎలివేషన్‌కూ అందమే. కిటికీకి రెండు మూడు అడుగుల ఎడంగా ఉండాలి, ఆనించి కాదు.

ప్లేనో_తెలుగు | శనివారం, రాత్రి 8:05

టెక్సస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మేము నాలుగు నెలలు మీలాగే ఉడుకుతాం, అయినా ఒంటి అద్దం కిటికీ కొత్త ఇళ్లలో కనబడదు. ప్రతి కిటికీకీ ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ (కిటికీలకు రేటింగు ఇచ్చే సంస్థ) చీటీ అంటించి ఉంటుంది. మా ఇంటివాటికి యూ విలువ 0.29, ఎండ వదిలే గుణకం 0.22. గుంటూరులో తమ్ముడు ఇల్లు కడుతుంటే అక్కడి షాపు కొటేషన్ చూశాను, మేలిరకం అద్దానికి యూ విలువ 1.8 అని రాసి ఉంది! మాకంటే ఆరు రెట్లు అధ్వాన్నమైన సరుకును మేలిరకం అని అమ్ముతున్నారా?

ఎండలెక్క | శనివారం, రాత్రి 9:10

ప్లేనోగారూ, తమ్ముడుగారిని కంగారు పెట్టకండి. తేడా యూనిట్లది. మీ చీటీ మీద అంకె బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, అడుగులు, ఫారెన్‌హీట్‌లలో ఉంటుంది. మన అంకె వాట్లు, మీటర్లు, సెల్సియస్‌లో. మీ 0.29ని 5.678తో గుణిస్తే 1.65. రెండూ ఇంచుమించు ఒకే సరుకు.

మీరు చెప్పిన రెండో అంకె, 0.22, అదీ మనకు కావలసింది. దాన్ని ఎస్‌హెచ్‌జీసీ అంటారు. దానికి యూనిట్లు లేవు, అమెరికాలోనైనా అమలాపురంలోనైనా ఒకటే. మీ దేశపు ఎనర్జీ స్టార్ (కరెంటు ఆదా గుర్తింపు) నిబంధనల్లోనే చూడండి. టెక్సస్ దక్షిణాదిలాంటి చోట్లకు ఈ గుణకం 0.23 దాటకూడదు. మంచు పడే ఉత్తరాదికి వచ్చేసరికి 0.17కు తగ్గకూడదు. చలిదేశంలో కిటికీ గుండా వచ్చే ఎండ ఉచిత హీటరు, మనకు అదే ఉచిత కుంపటి. అందుకే మిన్నెసోటాలో ఉన్న చుట్టం బాగుందన్న కిటికీ మనకు బాగుండాలని లేదు.

ఇంకో తేడా. మీ ఇంటి గోడల్లో, అటకమీద దూది పొరలు కూరి ఉంటాయి. అక్కడ ఇంట్లోకెల్లా బలహీనమైన చోటు కిటికీయే, అందుకని అద్దం మీద ఖర్చు పెడతారు. ఇక్కడ మన స్లాబుకు ఏ పొరా ఉండదు. డబ్బు ఖర్చయ్యే వరుస మారాలి.

అన్నీఖర్చే | ఆదివారం, ఉదయం 6:50

నిన్నంతా చదివాను. ఈ గ్రీన్ అన్న మాట వినగానే జేబు తడుముకోవాల్సి వస్తోంది. హైదరాబాదు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వెళ్లండి, నిలువునా గాజు డబ్బాలు, లోపల స్వెటర్లు వేసుకునేంత ఏసీ. వాటిలోనూ ద్వారం దగ్గర గ్రీన్ బిల్డింగ్ ఫలకాలు. మనమేమో పోరంకిలో కిటికీ యూ విలువ లెక్కపెట్టుకోవాలి!

మండువాలోగిలి | ఆదివారం, ఉదయం 8:15

ఖర్చేగారి చిరాకు న్యాయమే. కానీ అదే హైదరాబాదులో, హైటెక్ సిటీ పక్కన సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. 2004 జూలైలో కలాంగారు ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం (హరిత భవనాలకిచ్చే అత్యున్నత శ్రేణి) గుర్తింపు పొందిన మొదటి భవనం అది. వీలైతే ఒకసారి చూసి రండి. మధ్యలో ఖాళీ ముంగిలి, చుట్టూ గదులు, జాలీ గోడలు, కప్పు మీద గడ్డి, గాలిని చల్లబరిచి లోపలికి దించే గాలి బురుజులు. ఫలకం మాట ఎలా ఉన్నా అందులో సగం మా అమ్మమ్మ గుర్తుపట్టేస్తుంది.

సైటుసుధ | ఆదివారం, ఉదయం 10:20

సైట్లలో పని చేసేదాన్ని, ఇటుకల సంగతి నేను చెబుతాను. పోరంకివాసిగారూ, వచ్చే వారమే గోడలు కాబట్టి మీకు అత్యవసరం ఇదే.

ఫ్లైయాష్ ఇటుక: ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మీకు పక్కనే. బూడిద దగ్గరిది, బట్టీ కాల్చే పని లేదు, పొలం పైమట్టి తవ్వే పని లేదు. పర్యావరణం దృష్ట్యా ఎర్ర ఇటుక కంటే మేలు, సందేహం లేదు. కానీ గది చల్లగా ఉంటుందని చెప్పి అమ్మితే నమ్మకండి. బరువుగా, గట్టిగా ఉండే ఇటుక అది. వేడిని దాటనివ్వడంలో ఎర్ర ఇటుకకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కొనేటప్పుడు రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి తట్టి చూడండి, ఖంగుమనాలి. ఒకటి రాత్రంతా నీళ్లలో వేసి ఉంచండి, పొద్దున అంచులు గోటితో గీకితే రాలకూడదు. క్యూరింగ్ సరిగా చేయకుండా పచ్చిగా లారీ ఎక్కించేవాళ్లు ఉన్నారు, అసలు తంటా అదే.

ఏఏసీ బ్లాకు: లోపలంతా గాలి బుడగలు. ఘనమీటరు 550 నుంచి 650 కిలోలు, ఎర్ర ఇటుక బరువులో మూడో వంతు. 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ యూ విలువ 2 చుట్టూ ఉంటే, 8 అంగుళాల ఏఏసీ గోడది 0.8 లోపే. చల్లదనం కావాలంటే ఇదే. దీనిలోనూ బూడిద వాడతారు. ఇక తలనొప్పులు. మన మేస్త్రీలు ఎర్ర ఇటుకను తడిపినట్టు దీన్ని నీళ్లలో ముంచుతారు, అది స్పాంజిలా పీల్చుకుని తరువాత ఆరుతూ ప్లాస్టరింగ్‌ను పగలగొడుతుంది. పైపైన చల్లితే చాలు. సిమెంటు ఇసుక మాలు అంగుళం మందాన వేయకూడదు, బ్లాకుల కోసం అమ్మే పలుచటి జిగురు మాలు వాడాలి. కాలమ్, బీము కలిసే చోట తప్పకుండా మెష్ కొట్టాలి, లేకపోతే ఏడాదిలోపు గీత కనబడుతుంది. గీజరు, టీవీ బిగించే చోట్లు ముందే చెప్పండి, వాటికి వేరే యాంకర్లు ఉంటాయి.

నా ఓటు: పడమటి గోడ, దక్షిణపు గోడ 8 అంగుళాల ఏఏసీ. మిగతావి ఫ్లైయాష్. రెండు రకాలు ఒకే గోడలో మాత్రం కలపకండి.

వడ్రంగింటివాడు | ఆదివారం, ఉదయం 11:05

సుధగారూ, ఎర్ర ఇటుకను అలా పక్కన పడేశారు. లారీ బేకర్ కేరళలో కట్టించిన పద్ధతిలో, ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో బోలు వదులుతూ కడితే నాలుగో వంతు ఇటుకలు ఆదా, ఆ బోలు గాలి వేడినీ ఆపుతుంది కదా?

సైటుసుధ | ఆదివారం, ఉదయం 11:30

ఆపుతుంది. ర్యాట్‌ట్రాప్ బాండ్ అంటారు ఆ కట్టును, నాకూ ఇష్టమే. దానికి కొలత తప్పని ఇటుక, ఆ కట్టు తెలిసిన మేస్త్రీ కావాలి. వీళ్ల మేస్త్రీ కొత్తగా నేర్చుకుంటూ వీళ్ల గోడ మీద ప్రయోగం చేస్తే ఆ బోలు నిండా మాలే పడుతుంది.

సిమెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. సాదా ఓపీసీ కంటే బూడిద కలిపిన పీపీసీ లేదా స్టీలు ప్లాంటు స్లాగు కలిపిన పీఎస్‌సీ తీసుకోండి. సిమెంటులో ఎక్కువ కాలుష్యం క్లింకరుదే (సున్నపురాయి కాల్చి తీసే ముడిగడ్డ), టన్ను క్లింకరుకు ఇంచుమించు 0.8 నుంచి 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అది ఎంత తక్కువ పడితే అంత మేలు. తొలి రోజుల్లో బలం నిదానంగా వస్తుంది, అందుకని సెంట్రింగ్ విప్పడానికి మేస్త్రీ తొందరపడకూడదు. క్యూరింగ్ పది రోజులకు తగ్గకూడదు, రెండు వారాలైతే ఇంకా మంచిది.

నేలకు గుజరాత్ మోర్బీ టైల్స్ ఆర్డరు ఇచ్చే ముందు బేతంచెర్ల, తాండూరు బండలు కూడా చూడండి. పాలిష్ పట్టించుకుంటే బాగుంటాయి, దూరం నుంచి రావు, కాల్చేదీ లేదు. అంతకంటే చెప్పడానికేమీ లేదు, అది అభిరుచి.

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఈ మధ్యలో వచ్చిన రెండు ప్రకటనలు తీసేశాం. దయచేసి షాపుల పేర్లు, ఫోను నంబర్లు పెట్టకండి. చర్చ చక్కగా సాగుతోంది, కొనసాగించండి.

పైఅంతస్తు_అద్దెదారు | ఆదివారం, మధ్యాహ్నం 2:45

ఇల్లు కట్టేవాళ్ల సంగతి సరే. హైదరాబాదు మెహిదీపట్నంలో అయిదో అంతస్తు, పైన ఇక డాబాయే. రాత్రి పదకొండింటికి సీలింగు కింద చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా ఇంట్లో మనుషులం పగులుతున్నాం. కిటికీలు మార్చే హక్కు నాకు లేదు. ఏం చేయగలను?

ఎండలెక్క | ఆదివారం, సాయంత్రం 4:00

పై అంతస్తులో ప్రధాన దోషి కిటికీ కాదు, స్లాబు. రోజంతా నడినెత్తి ఎండ తాగి రాత్రంతా లోపలికి వదులుతుంది. యజమానిని ఒప్పించి డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. డబ్బు లేదంటే సున్నమైనా మేలే, కానీ వానలకు కొట్టుకుపోతుంది, ఏటా మార్చి నెలలో మళ్లీ వేయాలి. తెల్లటి టైల్స్ విరిగిన ముక్కలు పరిస్తే ఇంకా ఎక్కువ కాలం మన్నుతాయి. ఏది వేసినా దుమ్ము పట్టి మట్టిరంగుకు తిరిగితే పని చేయదు, కడుగుతూ ఉండాలి. యజమాని కాదంటే ఇంకో వాదన చేతిలో పెట్టుకోండి. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. మీ పాత అపార్ట్‌మెంటుకు వర్తించకపోవచ్చు, కానీ ఇది పిచ్చి ఆలోచన కాదని ఆయనకు అర్థమవుతుంది.

కిటికీకి బయటివైపు, మళ్లీ చెబుతున్నాను బయటివైపు, వెదురు తడిక వేలాడదీయండి. బాల్కనీ ఉంటే పైకమ్మీకి కట్టుకోవచ్చు. ఇల్లు మారేటప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు.

పోరంకివాసిగారికి కూడా ఇదే. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వారి ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్లకు ఇంధన పొదుపు నియమావళి, 2018లో వచ్చింది. దాని ప్రకారం కప్పు యూ విలువ 1.2 దాటకూడదు. ఏ పొరా లేని ఆరంగుళాల స్లాబుది 3 పైనే ఉంటుంది. దాని మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి) ఫోము పలకలు పరిచి, పైన సిమెంటు పూత, దాని మీద తెల్ల టైల్ వేస్తే 0.9 దగ్గరికి దిగుతుంది. వాటర్‌ప్రూఫింగ్ మాత్రం ఫోము కింద, స్లాబు మీదే జరగాలి. షాపు చెప్పిన డబుల్ గ్లేజింగ్ అదనపు ఖర్చును ఇటు మళ్లించండి. మీరు ఉండేది పై అంతస్తులోనే కదా, తేడా మీకే తెలుస్తుంది.

అద్దాలపని | ఆదివారం, రాత్రి 9:40

గాజు పనిలో ఉన్నవాణ్ణి. డబుల్ గ్లేజింగ్‌ను మరీ చిన్నచూపు చూడకండి. సాదా జంట అద్దం వేరు, లో-ఈ పూత (వేడిని వెనక్కి తిప్పే పలుచటి లోహపు పొర) ఉన్న జంట అద్దం వేరు. ఎండను ఆపే రకం లో-ఈ పూతతో ఎస్‌హెచ్‌జీసీ 0.3 దగ్గరికి దిగుతుంది. ఎండలెక్కగారి 960 వాట్లు అప్పుడు 360 అవుతాయి. నీడ వేయడానికి చోటే లేని పడమటి కిటికీకి అది సరైన మందు. మెత్తటి పూతను గాలి తగిలే చోట ఉంచకూడదు, అందుకే దాన్ని రెండు అద్దాల మధ్యలో దాస్తారు. ఒంటి అద్దానికి గట్టి పూత రకం వేరే ఉంది.

అసలు మోసం జరిగేది ఇక్కడే. పూత ఉందని చెప్పి సాదా జంట అద్దం అంటగడతారు, లేదా బిగించేటప్పుడు అద్దం తిరగేస్తారు. కనిపెట్టడానికి ఒక పరీక్ష ఉంది. సాయంత్రం చీకటి పడ్డాక గదిలోపల నిలబడి, కిటికీ దగ్గర కొవ్వొత్తి గానీ లైటరు గానీ వెలిగించి కొంచెం ఏటవాలుగా చూడండి. జంట అద్దంలో జ్వాల నాలుగు ప్రతిబింబాలు కనబడతాయి, ఒక్కో ముఖానికి ఒకటి. పూత ఉన్న ముఖం ప్రతిబింబం రంగు మిగతా మూడింటికంటే వేరుగా ఉంటుంది. మన ఎండలకు ఆ పూత బయటి అద్దం లోపలి ముఖాన ఉండాలి, అంటే లోపల నిలబడి చూస్తే మూడోది, బయటి నుంచి లెక్కపెడితే రెండోది. నాలుగూ ఒకే రంగులో ఉంటే సొమ్ము వాపసు అడగండి.

ట్రాఫిక్ మోతకు జంట అద్దం కంటే మధ్యలో పొర ఉన్న ల్యామినేటెడ్ అద్దం బాగా పని చేస్తుంది. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేరు, కొలత ఒకటికి రెండుసార్లు చూసి ఇవ్వండి.

పోరంకివాసి | సోమవారం, ఉదయం 6:30

ఇంట్లో కూర్చుని అందరి మాటలూ చదివి వినిపించాను. నిర్ణయాలు ఇవి. పడమటి గోడ, దక్షిణపు గోడ ఏఏసీ, మిగతావి ఫ్లైయాష్. కప్పు మీద ఫోము, తెల్ల టైల్. కింద హాలు ముందు ఆరు అడుగుల వసారా, హాలు కాస్త చిన్నదైనా నాన్న ఒప్పుకున్నారు, పడక కుర్చీ వేసుకోవడానికి చోటు దొరికిందని. వసారా గుమ్మం, దాని పక్క కిటికీ పాత టేకుతో. పై అంతస్తు పడమటి కిటికీకి మాత్రం లో-ఈ జంట అద్దం, అక్కడ నీడకు చోటు లేదు. మిగతావన్నీ యూపీవీసీ ఒంటి అద్దం, స్లైడింగ్. రోడ్డు అంచున కానుగ మొక్క నాటుతాం. ఇందులో లోపాలుంటే చెప్పండి.

సైటుసుధ | సోమవారం, ఉదయం 7:45

స్లైడింగ్ దగ్గర ఆగండి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. ఎకో నివాస్ సంహిత ప్రకారం కోస్తాలాంటి ఉక్క వాతావరణంలో తెరుచుకునే భాగం గది నేలలో ఆరో వంతు ఉండాలి. మీ 10 x 12 గదికి 20 చదరపు అడుగులు. 4 x 4 కిటికీలు రెండు పెట్టినా స్లైడింగ్‌లో తెరుచుకునేది 16 అడుగులే. అదే రెక్కలు విప్పే రకమైతే 28 దాటుతుంది. పైగా రెక్క మూసినప్పుడు రబ్బరు పట్టీ మీద బిగుసుకుంటుంది, స్లైడింగ్‌లోని బ్రష్ పట్టీ గుండా దుమ్మూ ఏసీ గాలీ అటూ ఇటూ పోతూనే ఉంటాయి.

వడ్రంగింటివాడు | సోమవారం, ఉదయం 8:10

సుధగారు చెప్పింది నిజమే, కానీ రెక్కలు బయటికి తెరిస్తే గ్రిల్లు లోపలికి వస్తుంది. ఇక దోమల మెష్ ఎక్కడ? గ్రిల్లు ఊచల మధ్య చెయ్యి దూర్చి రెక్క అందుకోవాలంటే ముందు మెష్ తీయాలి, తీస్తే దోమలు. విజయవాడలో సాయంత్రం ఆరింటికి ఈ పని చేసి చూడండి.

సైటుసుధ | సోమవారం, ఉదయం 8:40

మడతల మెష్ వేయించండి, లోపలివైపు పక్కకు లాగే రకం. గ్రిల్లులో రెక్క పిడి ఎదురుగా ఒక చోట ఊచల ఎడం ఎక్కువ పెట్టమనండి, చెయ్యి సులువుగా పోతుంది. గ్రిల్లు వెల్డింగ్ అతనికి కిటికీ డ్రాయింగు ఇస్తేనే అది కుదురుతుంది, ఇద్దర్నీ ఒకసారి సైటులో కూర్చోబెట్టండి. యూపీవీసీ తీసుకునేటప్పుడు ప్రొఫైలు కోసిన ముక్క అడగండి, లోపల ఇనుప పట్టీ కనబడాలి. రెక్కలకు అది లేకపోతే ఏడాదికల్లా కిందికి వాలతాయి.

పై అంతస్తు పడమటి కిటికీకి నీడకు చోటే లేదని తేల్చేయకండి. మే నెలలో సూర్యుడు వాయవ్యం వైపు అస్తమిస్తాడు, కాబట్టి కిటికీకి ఉత్తరపు పక్కన అడుగున్నర నిలువు ఫిన్ (గోడలోంచి బయటికి పొడుచుకొచ్చే పలక) ఒకటి వేస్తే సాయంత్రపు చివరి గంట ఎండ కొంత తగ్గుతుంది. లో-ఈ అద్దం ఎటూ ఉంచుకోండి. ఫిన్ కావాలంటే మాత్రం లింటెల్ సెంట్రింగ్ కొట్టే ముందే కడ్డీలు వదలమని మేస్త్రీకి చెప్పాలి. ఏఏసీ గోడకు తరువాత డ్రిల్లు వేసి ఫిన్ వేలాడదీస్తే నిలవదు.

పోరంకివాసి | సోమవారం, ఉదయం 9:05

మేస్త్రీకి ఇప్పుడే ఫోను చేశాను. ఫిన్ అంటే అలంకారం అనుకున్నాడు, కొలతలు కాగితం మీద రాసివ్వమన్నాడు. మధ్యాహ్నం సైటుకు వెళ్తున్నాను. సుధగారూ, ఆ కడ్డీ ఎంత లావుది పెట్టమనాలి, లింటెల్‌లోకి ఎంత పొడవు పోవాలి?

సైటుసుధ | సోమవారం, ఉదయం 9:20

అది మీ స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతోనే రావాలి, ఇక్కడ అంకె చెప్పను. ఫిన్ అడుగున్నర ముందుకు వస్తుందని, కాంక్రీటు పోతనో ముందే చేసిన పలకనో చెప్పి ఈరోజే అడగండి. దాని బరువును బట్టే ఆయన లింటెల్ కడ్డీలూ మారుస్తారు.